పెట్టె మారిస్తే పాట మారుతుందా?

పాటలు వినే ఇళ్ళల్లోకి ఈమధ్య ఒక కొత్త పెట్టె వచ్చి చేరుతోంది. దాన్ని స్ట్రీమర్ అంటారు. చిన్నవి అరచేతిలో పట్టేస్తాయి, పెద్దవి పీటంత ఉంటాయి. అది టీవీ కాదు, స్పీకరూ కాదు. తనంతట తాను చప్పుడు చెయ్యదు. ఇంట్లో వైఫైకి కలిపి, ఒక వైరు యాంప్లిఫయర్‌కి ఇస్తే, ఇంటర్నెట్‌లోంచి పాటని తెచ్చి దానికి అందిస్తుంది. అంతే దాని పని. ఆ మాత్రం పనికి కొన్ని వేల నుంచి కొన్ని లక్షల దాకా ధరలున్నాయి. "ఫోనూ ల్యాప్‌టాపూ కూడా అదే పని చేస్తాయి కదా" అని అడిగితే, "అబ్బే, పాటల కోసమే చేసిన పెట్టె వేరు, సౌండులో తేడా తెలుస్తుంది" అంటారు.

తెలుస్తుందా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చాలా ఇళ్ళల్లో తెలియదు. తెలిసే ఇళ్ళు కొన్ని ఉన్నాయి, అవి ఏవో కూడా చెబుతాను. అయితే ఈ పెట్టె వల్ల ఇంకో లాభం ఉంది. అమ్మేవాళ్ళు దాని గురించి పెద్దగా మాట్లాడరు. నేను మాత్రం కొంటే ఆ లాభం కోసమే కొనాలంటాను.

బీఏ తెలుగు చదువుకుని వంటిల్లు చూసుకునే నీకు ఈ వైర్ల గొడవ ఎందుకమ్మా అని మీరు అనుకోవచ్చు. మా ఇంట్లో నెల ఖర్చు రాసేది నేను. పైగా ఆ పాటలు మోగే హాలూ నా వంటింటి గుమ్మానికి ఎదురుగానే ఉంది. పదిహేనేళ్ళుగా ఆ స్పీకర్లలో ఏం మోగినా మొదట వినేది నేనే. అందుకని మాట్లాడే హక్కు ఉందనే అనుకుంటున్నాను.

మా వారికి పాటలంటే ప్రాణం. 2009లో ఏరియర్సు వచ్చినప్పుడు ఒక యాంప్లిఫయర్, రెండు చెక్క స్పీకర్లు కొన్నారు. తర్వాత ఒక చిన్న డాక్ వచ్చింది. డాక్ అంటే అంకెల రూపంలో ఉన్న పాటని యాంప్లిఫయర్‌కి అర్థమయ్యే కరెంటు అలలుగా మార్చే సాధనం. దానికి మా అబ్బాయి వదిలేసిన పాత ల్యాప్‌టాప్ తగిలించి పాటలు పెట్టుకునేవారు. పోయిన ఏడాది ఒక ఎల్ఐసీ పాలసీ చేతికొచ్చింది. ఆ డబ్బులోంచి 65 వేలు పెట్టి స్ట్రీమర్ కొంటానన్నారు. "ల్యాప్‌టాప్ అన్ని పనులూ చేసే యంత్రం, దానికి పాట మీద శ్రద్ధ ఉండదు" అన్నది ఆయన వాదన. వినడానికి బాగానే ఉంది. నలుగురికి వంట చేసే చెయ్యి, నలభైమందికి వండే చెయ్యి ఒకటి కాదు కదా.

కానీ పాట ఇంటర్నెట్‌లోంచి మన ఇంటికి ఎలా వస్తుందో కనుక్కుంటే ఈ పోలిక నిలబడదు.

పాట అంకెలుగా వస్తుంది. సీడీల కాలం నుంచీ అదే పద్ధతి. 1982లో సీడీలు వచ్చినప్పుడు సెకనుకి 44,100 సార్లు శబ్దాన్ని కొలిచి, ఒక్కో కొలతనీ 16 బిట్లలో రాయాలని లెక్క పెట్టుకున్నారు. కుడి ఎడమ రెండు వైపులూ కలిపితే సెకనుకి 14 లక్షల పైచిలుకు బిట్లు. ఇంటర్నెట్‌లో ఇవి చిన్న చిన్న పొట్లాలుగా వస్తాయి. ప్రతి పొట్లంలోనూ సరిచూసుకునే గుర్తు ఒకటి ఉంటుంది. ఏదైనా పాడైతేనో, దారిలో పోతేనో మళ్ళీ పంపించమని అడిగి తెప్పించుకుంటుంది. అలా వచ్చినవాటిని కొంత నిల్వ చేసుకుని అప్పుడు వాయిస్తుంది. కూరగాయల బండివాడికి మీరు ఫోన్లో 50 రూపాయలు పంపారనుకోండి. లక్ష రూపాయల ఫోన్లోంచి పంపినా, ఎనిమిది వేల ఫోన్లోంచి పంపినా అతనికి చేరేది 50 రూపాయలే. ఖరీదైన ఫోన్లోంచి పంపిన 50 కొంచెం మెరుస్తూ చేరదు. పాట అంకెలూ అంతే. డాక్ గుమ్మం దాకా ఆ అంకెలు మారకుండా వస్తే, తెచ్చింది ఎవరన్నది అనవసరం.

"మారకుండా వస్తే" అన్నాను చూడండి, అసలు విషయం అక్కడుంది.

పాటని చిన్నది చేసి పంపడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, చీర మడత పెట్టి పెట్టెలో సర్దడం లాంటిది. విప్పితే అదే చీర, ఒక్క పోగు కూడా తగ్గదు. ఫ్లాక్ అనే పద్ధతి ఇలాంటిది. రెండోది, భారతాన్ని సంక్షిప్తంగా రాయడం లాంటిది. కథ తెలుస్తుంది, పాత్రలన్నీ ఉంటాయి, కానీ తీసేసిన పద్యాలు ఇక తిరిగి రావు. ఎంపీత్రీ ఈ బాపతు. బ్లూటూత్‌లో సాధారణంగా జరిగేదీ ఇదే. ఎక్కువగా వాడే బ్లూటూత్ పద్ధతిలో సెకనుకి దాదాపు 3 లక్షల 28 వేల బిట్లు మాత్రమే వెళతాయి. బాగా ఎక్కువ పంపే ఎల్‌డాక్ పద్ధతిలో కూడా 9 లక్షల 90 వేలు దాటవు. సీడీకి కావలసిన 14 లక్షలు అందులో పట్టవు కాబట్టి కొంత వదిలెయ్యాల్సిందే. ఆ వదిలేసేది కూడా మన చెవి పట్టించుకోని భాగాన్ని వెతికి వెతికి వదిలేస్తుంది కనుక చాలాసార్లు మనకి తెలియదు. అయినా నష్టం నష్టమే.

ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంకో తిరకాసు ఉంది. ఫోనులో రింగుటోనూ, మెసేజి చప్పుడూ, పాటా అన్నీ ఒకే గొట్టంలోంచి పోవాలి కాబట్టి, 44,100 లెక్కన ఉన్న పాటని 48,000 లెక్కలోకి మార్చి పంపడం మామూలు. ఆండ్రాయిడ్ 14 వచ్చాక యూఎస్‌బీ ద్వారా ఏ మార్పూ లేకుండా పంపే వీలు కల్పించారు. ఈ మార్పు వల్ల కలిగే తేడా చాలా చిన్నది. ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

ఇక ఖరీదైన పెట్టెల వాళ్ళు గట్టిగా చెప్పే మాట ఒకటుంది. అంకెలు సరిగ్గా వచ్చినా, అవి వచ్చే కాలంలో సూక్ష్మమైన అటూఇటూలు ఉంటాయనీ, కంప్యూటర్లోని కరెంటు రొద వైరు వెంట డాక్‌లోకి దూరుతుందనీ అంటారు. ఇది కట్టుకథ కాదు. మృదంగం తాళం తప్పితే కచేరీ చెడుతుంది, నిజమే. అయితే ఈ కాలపు డాక్‌లు వచ్చిన అంకెలని దగ్గర పెట్టుకుని, తమ సొంత గడియారంతో తాళం వేసుకుంటాయి. ఎవరు ఏ నడకతో తెచ్చి ఇచ్చారన్నది వాటికి పట్టదు. కరెంటు రొద సంగతికొస్తే, కొన్ని ల్యాప్‌టాపులకి ఛార్జరు పెట్టగానే స్పీకర్లలో సన్నగా గుయ్యిమనడం మీలో చాలామంది వినే ఉంటారు. దానికి మందు గాజు తీగలా ఉండే ఆప్టికల్ వైరు. అందులో వెలుగు ప్రయాణిస్తుంది, కరెంటు కాదు. రొద రావడానికి దారే లేదు. ఆ వైరు కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది.

ఇదంతా పుస్తకాల మాట. చెవి మాట ఏమిటి?

సంక్రాంతికి బెంగుళూరు నుంచి మా మరిది వచ్చేటప్పుడు అన్నగారి ముచ్చట కోసం తన స్ట్రీమర్ పట్టుకొచ్చాడు. మా వారు కొనాలనుకున్నదాని వంటిదే, కాస్త ఖరీదు ఎక్కువది కూడా. తగిలించి ఒక పాట వినగానే మా వారు, "తెర తీసినట్టుంది, చూశావా!" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. గొంతు నాలుగడుగులు ముందుకొచ్చినట్టు ఉంది. ఇంజినీరింగు చదువుతున్న మా అబ్బాయి మాత్రం ఫోన్లో శబ్దం కొలిచే యాప్ తీసి స్పీకర్ ముందు పెట్టాడు. స్ట్రీమర్ పెట్టినప్పుడు ధ్వని 2 డెసిబెల్స్ ఎక్కువగా ఉంది. ల్యాప్‌టాప్‌లోని పాటల యాప్‌లో అన్ని పాటలనీ ఒకే ఎత్తుకి సర్దే మీట ఒకటి ఆన్ చేసి ఉంది, పెట్టెలో అది లేదు. తేడా అంతా అదే. కొంచెం గట్టిగా వినిపించినదాన్ని మన మనసు "గట్టిగా" అనుకోదు, "బాగా" అనుకుంటుంది. షాపుల్లో ఒక పెట్టె తర్వాత ఒకటి వినిపించేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ మీట ఆపి రెండిటి ధ్వనీ సమం చేశాక పరీక్ష పెట్టాం. రెండూ మా డాక్‌కే కలిపాం, ల్యాప్‌టాప్ ఒక వైపు, స్ట్రీమర్ ఇంకో వైపు. డాక్ మీద వెలిగే అంకెలు కనబడకుండా చేతిరుమాలు కప్పాం. మా వారు వీపు తిప్పి కూర్చున్నారు. మా అబ్బాయి నాణెం ఎగరేసి, పడినదాన్నిబట్టి ఇదో అదో పెట్టాడు. ఆయన ఏది మోగుతోందో చెప్పాలి, నేను పాల లెక్కల పుస్తకంలో రాయాలి. పదిసార్లు పెడితే ఆరుసార్లు సరిగ్గా చెప్పారు. "చూశావా, సగం కంటే ఎక్కువ!" అన్నారు. మా అబ్బాయి కాగితం మీద లెక్కేసి చూపించాడు. ఏమీ వినకుండా ఊరికే గుడ్డిగా చెప్పినా పదింటికి ఆరు, అంతకు మించి సరిపోయే అవకాశం నూటికి 38 వంతులుందట. మా మరిది కూడా కూర్చున్నాడు, తన సొంత పెట్టే కదా. అతనికి అయిదు వచ్చాయి. ఇద్దరూ కాసేపు మాట్లాడుకోలేదు.

అదే రోజు ఫోను నుంచి బ్లూటూత్‌తో కూడా చూశాం. పాత సినిమా పాటలతో మా వారు పదింటికి అయిదే పట్టుకున్నారు. ఈమధ్య రికార్డు చేసిన ఒక వీణ కచేరీ పెడితే ఎనిమిది పట్టుకున్నారు. తీగ మీటాక ఆ మోత తగ్గుతూ తగ్గుతూ పోయే చివర్లో తేడా తెలుస్తోందన్నారు. నాకు ఆరే వచ్చాయి. ఒక ఇంట్లో ఒక సాయంత్రం చేసిన పరీక్షతో లోకానికంతా తీర్పు చెప్పలేం. కానీ డబ్బు పెట్టబోయే ఇల్లు మాది, వినబోయే చెవులు మావి. మాకు కావలసిన తీర్పు మాకు వచ్చింది.

అందుకని నేను చెప్పేది ఇది. మీ ఇంట్లో పాట ఇప్పుడు బ్లూటూత్‌లో వస్తుంటే, లేదా ఫోను హెడ్‌ఫోన్ రంధ్రంలోంచి సన్నటి వైరుతో వస్తుంటే, చిన్న స్ట్రీమర్ పెట్టుకుంటే కొంత బాగుపడవచ్చు. డాక్ అసలే లేని పాత యాంప్లిఫయర్ ఉంటే తప్పకుండా ఉపయోగం, ఎందుకంటే చాలా స్ట్రీమర్లలో డాక్ కూడా లోపలే ఉంటుంది. కొన్నిటిలో గది ధ్వనిని మైకుతో కొలిచి సరిదిద్దే ఏర్పాటు ఉంది, అది నిజంగా వినిపించే తేడా. కానీ మంచి డాక్ ఉండి, దానికి నష్టం లేని పాట వైరులో అందుతుంటే, ఇంకో పెట్టె కొనడం వల్ల పాటకి వచ్చేదేమీ లేదు. పదివేల పెట్టె తీసి లక్ష పెట్టె పెట్టినా అంతే.

మరి సౌండు బాగుపడాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి? నన్నడిగితే ముందు పైసా ఖర్చు లేని పనులు చెయ్యండి. పాటల యాప్‌లో నాణ్యత ఎంత పెట్టి ఉందో చూడండి. డేటా మిగలాలని ఎప్పుడో తక్కువలో పెట్టి మర్చిపోయి ఉంటాం. ఆపిల్ మ్యూజిక్ వాళ్ళు 2021 నుంచి నష్టం లేని పాటలని అదనపు రుసుము లేకుండానే ఇస్తున్నారు. అలాంటిది చేతిలో ఉండి, మీట నొక్కకుండా కొత్త పెట్టె కోసం చూడటం, ఇంట్లో కొత్త బియ్యం ఉండగా అన్నం బాగుండాలని కొత్త గిన్నె కొన్నట్టు ఉంటుంది.

తర్వాత గది. మన హాళ్ళు చూడండి. కింద నున్నటి టైల్స్, చుట్టూ ఖాళీ గోడలు, ఒక పక్క అద్దాల షోకేసు. పాట స్పీకర్లోంచి ఒకసారి, గోడల మీంచి పదిసార్లు వస్తుంది. పెళ్ళికి ముందు ఖాళీగా ఉన్న కల్యాణమండపంలో మైకులో మాట్లాడితే ఎలా ఉంటుంది? జనం నిండాక అదే మైకు ఎలా ఉంటుంది? మనుషులూ చీరలూ ఆ ప్రతిధ్వనిని పీల్చేస్తాయి. ఇంట్లో ఆ పని మందపాటి కర్టెన్లు, నేల మీద ఒక జంపఖానా, పుస్తకాల బీరువా చేస్తాయి. మా స్పీకర్లు షోకేసులో రెండు మూలల్లో ఇరుక్కుని ఉండేవి. మూలలో పెడితే బొయ్ బొయ్ మనే శబ్దం పెరుగుతుంది. వాటిని బయటికి తీసి, గోడకి మూరెడు దూరంలో, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి బల్లలు వేసి పెట్టాం. ఆ రోజు ఎవరూ పరీక్ష పెట్టమనలేదు. వంటింట్లోంచి నాకే తెలిసింది, తబలా దరువు విడివిడిగా.

మూడోది, అసలు రికార్డింగు. మేం ఎక్కువ వినేవి పాత పాటలు. 'మల్లీశ్వరి' 1951లో వచ్చింది, 'మాయాబజార్' 1957లో. ఆ కాలంలో కుడీ ఎడమా అని రెండు దారులు లేవు, అంతా ఒకటే దారి. గాయకులూ వాద్యాలూ ఒకేసారి పాడి వాయిస్తే, ఉన్న కొద్ది మైకుల్లో పట్టినంత పట్టారు. ఆ పాటలో లేని పొరని ఏ పెట్టే కొత్తగా పుట్టించలేదు. పైగా ఒకే పాత పాట ఈ యాప్‌లలో రెండు మూడు చోట్ల ఉంటుంది. ఒకటి మంచి ప్రతిలోంచి శుభ్రంగా ఎక్కించింది, ఇంకొకటి అరిగిపోయిన రికార్డులోంచో క్యాసెట్‌లోంచో ఎక్కించింది. వాటి మధ్య తేడా పదివేల పెట్టెకీ లక్ష పెట్టెకీ మధ్య తేడా కన్నా ఎన్నో రెట్లు. ఓపిగ్గా వెతికి మంచి ప్రతి పట్టుకుని దాచుకోవడం డబ్బు ఖర్చు లేని పని. మా వారి ఆదివారాలు ఇప్పుడు అందులో గడుస్తున్నాయి.

నాలుగోది చెవి. దీని గురించి ఎవరూ మాట్లాడరు, నేను మాట్లాడతాను.

మనిషి చెవికి 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినబడుతుందని చదువుకున్నాం. పై అంచు వయసుతో పాటు కిందికి దిగుతూ వస్తుంది. మా అబ్బాయి ఒక యాప్‌లో సన్నటి ఈలలు పెట్టి అందరినీ అడిగాడు. వాడికి 17,000 దాకా వినబడింది, నాకు 13,000, మా వారికి 12,000. 44,100 లెక్కన కొలిచిన మామూలు సీడీ పాటే 22,000 దాకా మోస్తుంది. ఖరీదైన పెట్టెల మీద రాసే 192 వేల లెక్క 96,000 దాకా మోస్తుంది. అది వినాలంటే గబ్బిలం రావాలి.

మా అత్తగారికి 76 ఏళ్ళు. ఆ ఈలల్లో 5,000 దాటాక ఆవిడ "ఏదీ, పెట్టావా?" అని అడుగుతూనే ఉన్నారు. మేం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఏడాదిగా ఆవిడ టీవీ గట్టిగా పెడుతున్నారు. మేం పిలిస్తే పలుకుతారు కానీ ఏమన్నామో సగం అందదు. "మాట వినబడుతోందే, ముక్క తెలియడం లేదు" అనేవారు. వ్యాకరణంలో ఊష్మాలని చదువుకున్నాం చూడండి, శ, ష, స, ఆ అక్షరాల బలమంతా పై స్థాయి శబ్దాల్లోనే ఉంటుంది. వయసుతో మొదట పోయేవి ఆ స్థాయిలే. అందుకే గొంతు వినబడుతుంది, మాట విడిపోదు. మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి వినికిడి పరీక్ష చేయించాం. కాగితం మీద గీత కుడివైపు జారుడుబల్లలా దిగిపోయింది.

ఎల్ఐసీ డబ్బులో ఎక్కువ భాగం ఆవిడ రెండు చెవులకీ పెట్టుకునే మిషన్లకి వెళ్ళింది. మా వారే ముందు అన్నారు, నేను అడగకుండానే. ఇంట్లో సౌండు నాణ్యత పెంచడం అంటే అందులో ఇది కూడా వస్తుందని నా ఉద్దేశం. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, ఏ పెట్టె కొనేముందైనా వాళ్ళని ఒక్కసారి వినికిడి పరీక్షకి తీసుకెళ్ళండి. "వయసొచ్చింది కదా" అని వదిలేస్తే వాళ్ళు మెల్లగా మాట్లాడటం మానేస్తారు. మాటకి జవాబు సరిగ్గా చెప్పలేమన్న బిడియంతో ముందు ఫోను తీసుకోవడం మానేస్తారు, తర్వాత నలుగురిలో కూర్చోవడం మానేస్తారు.

ఇంత చెప్పాక, మా ఇంట్లో స్ట్రీమర్ ఉందంటే నవ్వుతారేమో. ఉంది. ఆ 65 వేలలో ఆరోవంతుకి వచ్చే చిన్నది. సౌండు కోసం కొనలేదు. ఇందాక అన్న ఆ రెండో లాభం కోసం కొన్నాం.

ఒకప్పుడు పాట హాల్లో ఉండేది. మా అత్తగారి తరానికి ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఇంట్లో మనిషి లాంటిది. పొద్దున్నే భక్తిరంజనితో ఇల్లు లేచేది. రేడియో తిప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తర్వాత టేప్‌రికార్డరు వచ్చినా అదీ బల్ల మీదే ఉండేది, ఎవరైనా నొక్కొచ్చు. ఫోను వచ్చాక పాట ఒకళ్ళ జేబులోకి వెళ్ళిపోయింది. మా వారు తొమ్మిదింటికి ఆఫీసుకి వెళితే పాటా ఆయనతో వెళ్ళిపోయేది. ల్యాప్‌టాప్ తెరిచి, సంకేతపదం కొట్టి, యాప్ వెతికి, డాక్ ఎంచుకుని పెట్టడం మా అత్తగారి వల్ల కాదు, చేతులు తడిగా ఉన్నప్పుడు నా వల్లా కాదు. అంత మంచి స్పీకర్లు పెట్టుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇల్లు మూగగా ఉండేది.

2017లో సరిగమ వాళ్ళు కారవాన్ అని పాటలు ముందే నింపిన రేడియో లాంటిది తెచ్చారు, గుర్తుందా? మన తెలుగు పాటలతో కూడా వచ్చింది. దాన్ని జనం కొన్నది గొప్ప స్పీకరుందని కాదు. తిప్పితే పాట వస్తుంది, నేర్చుకోవలసింది ఏమీ లేదు. అమ్మకీ నాన్నకీ కొనిచ్చినవాళ్ళు నాకు తెలిసి చాలామంది.

మంచి స్ట్రీమర్ కూడా ఆ పనే చేస్తుంది. పాటని తానే ఇంటర్నెట్‌లోంచి తెచ్చుకుంటుంది, ఫోను రిమోటు మాత్రమే. ఫోను బయటికి వెళ్ళినా పాట ఆగదు, ఫోను మోగినా పాటలో రింగుటోను దూరదు. మా దాని రిమోటు మీద అంకెల బొత్తాలున్నాయి. ఒకటి నొక్కితే అత్తగారి కీర్తనలు, రెండు నొక్కితే నా పాత పాటలు. మా అబ్బాయి సర్ది పెట్టి, బొత్తాల పక్కన తెలుగులో చీటీలు అంటించాడు. ఇప్పుడు పొద్దున్న పదింటికి అత్తగారు మిషన్లు పెట్టుకుని, తనంతట తను ఒకటి నొక్కుతారు. నేను పచ్చడి నూరుతూ, "అత్తయ్యా, ఇది ఏ రాగం?" అని అడుగుతాను. ఆవిడ చెబుతారు. అంతకుముందు ఏడాది ఆవిడ నాకేదీ చెప్పలేదు.

మా వారు ఒప్పుకున్నారా అంటే పూర్తిగా కాదు. "నువ్వు పట్టుచీర ఎందుకు కొంటావు? నూలుచీర ఒళ్ళు కప్పదా?" అని అడిగారు. మంచి ప్రశ్నే. నేను పట్టుచీర అందంగా ఉందని కొంటాను, అది ఎక్కువ కప్పుతుందని చెప్పి కొనను. మీరు కూడా ఆ పెద్ద పెట్టె అందంగా ఉంది, ముట్టుకుంటే బాగుంది, నాకు ముచ్చటగా ఉంది అని కొంటే నాకేం అభ్యంతరం లేదు. కష్టపడే మనిషికి ఒక ముచ్చట ఉండాలి. సౌండు పెరుగుతుందని మాత్రం చెప్పకండి, ఖర్చు పుస్తకంలో నేనది అలా రాయలేను.

ముచ్చట కోసం కొనేవాళ్ళు కూడా ఒకటి ఆలోచించండి. స్పీకర్లు ముప్ఫై ఏళ్ళు పనిచేస్తాయి, యాంప్లిఫయర్ ఇరవై ఏళ్ళు. స్ట్రీమర్ మాత్రం సాఫ్ట్‌వేర్ మీద బతుకుతుంది. ఈ రకం పెట్టెల్లో పేరు తెచ్చుకున్న స్క్వీజ్‌బాక్స్‌ని లాజిటెక్ 2012లో ఆపేసింది. గూగుల్ 2015లో తెచ్చిన క్రోమ్‌కాస్ట్ ఆడియో 2019కల్లా ఆగిపోయింది. పాటల కంపెనీలు పద్ధతి మార్చుకుంటే పాత పెట్టెలు వాటితో మాట్లాడటం మానేస్తాయి. అందరికంటే ముందు ముసలిదయ్యే వస్తువు మీద అందరికంటే ఎక్కువ డబ్బు పెట్టడం ఇల్లు నడిపేవాళ్ళు చేసే పని కాదు. డబ్బుంటే స్పీకర్ల మీద పెట్టండి, అవి మీ పిల్లలకి కూడా మిగులుతాయి.

కొనాలనుకుంటే, ఎవరి దగ్గరన్నా ఒకరోజు అరువు తెచ్చుకోండి. రెండిటి ధ్వనీ సమం చెయ్యండి. కళ్ళకి కనబడకుండా పదిసార్లు వినండి. తొమ్మిదిసార్లు పట్టుకుంటే నిశ్చింతగా కొనుక్కోండి, నా మాట పక్కన పెట్టెయ్యండి. పట్టుకోలేకపోతే చిన్నది కొని, దాని రిమోటు ఇంట్లో అందరికంటే తక్కువ పాటలు వినే మనిషి చేతిలో పెట్టండి.